కంప్యూటర్ జవాబులు: గ్రాఫిక్స్ కార్డు కాలిపోతోంది, ఫ్యాన్లు గోల పెడుతున్నాయి

ఎండలు ముదిరేసరికి గ్రాఫిక్స్ కార్డుల మీద ఉత్తరాలు పెరిగాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చినవాటిలో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. అన్నిటికీ కలిపి ముందుగా ఒక మాట: కార్డు విప్పడం చివరి పని. ముందు అంకెలు చూడాలి. ఫ్యాన్ రొద చాలాసార్లు జబ్బు కాదు, జబ్బు లక్షణం.

ప్రశ్న: మాది పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో. మూడేళ్ల కిందట కొన్న ఆర్‌టీఎక్స్ 3060 కార్డు, రెండు ఫ్యాన్లది. ఎక్స్‌పోర్ట్ పెట్టిన పది నిమిషాలకే పక్కవాళ్ల మాట వినపడనంత రొద. కార్డు అంకెలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో టెంపరేచర్ 84, హాట్‌స్పాట్ 107 చూపిస్తోంది. ఇదివరకు ముప్పావుగంటలో అయ్యే పని ఇప్పుడు గంట దాటుతోంది. దుకాణంలో అడిగితే కొత్త కార్డు కొనుక్కోమన్నారు. ఏటి చెయ్యమంటారు? (పలాస)

జవాబు: కొత్త కార్డు అక్కర్లేదండీ. మీరు రాసిన రెండు అంకెల్లోనే సగం సంగతి తెలుస్తోంది. మొదటిది చిప్ ఉష్ణోగ్రత. రెండోది ఆ చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటిది. రెంటికీ మధ్య 10 నుంచి 15 డిగ్రీల తేడా మామూలే. మీకు 23 ఉంది. చిప్ మీద వేడి ఒకచోట పోగుపడుతోంది, హీట్‌సింక్‌కి, అంటే వేడిని లాగి గాలికి వదిలే లోహపు రేకుల దిమ్మకి, సమంగా అందడం లేదు అని దానర్థం. మూడేళ్ల కార్డులో ఇందుకు మొదటి అనుమానం ఆ రెంటి మధ్య పూసే థర్మల్ పేస్ట్ మీదే. ప్రాసెసర్‌కి ఉన్నట్టు గ్రాఫిక్స్ చిప్ మీద లోహపు మూత ఉండదు. వేడెక్కినప్పుడూ చల్లారినప్పుడూ చిప్, హీట్‌సింక్ వేర్వేరు కొలతల్లో సాగి ముడుచుకుంటాయి. ఆ కదలికకి పేస్ట్ కొంచెం కొంచెంగా అంచులకి జరిగిపోయి మధ్యలో పలచబడుతుంది. రోజూ గంటలకొద్దీ ఎక్స్‌పోర్ట్ పెట్టే స్టూడియో కార్డుల్లో ఇది త్వరగా వస్తుంది.

అయినా స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక పరీక్ష చేయండి. క్యాబినెట్‌ని చెక్కబల్ల అరలో పెట్టి ఉంటే బయటికి తీయండి, పక్క తలుపు విప్పండి, అదే వీడియోని అదే సెట్టింగులతో 15 నిమిషాలు ఎక్స్‌పోర్ట్ చేయండి. చిప్ ఉష్ణోగ్రత 8, 10 డిగ్రీలు పడిపోతే తప్పు కార్డుది కాదు, క్యాబినెట్‌లో గాలి ఆడకపోవడానిది. ముందువైపు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు లోపలికి లాగేలా, వెనక ఒకటి బయటికి తోసేలా పెడితే చాలు. రెండు, మూడు డిగ్రీలే తగ్గితే కార్డు విప్పాల్సిందే. మీ హాట్‌స్పాట్ తేడా చూస్తే రెండోదే అయ్యేలా ఉంది. జీపీయూ-జెడ్ సెన్సర్ల పేజీలో పర్ఫ్‌క్యాప్ రీజన్ అనే గడి కూడా చూడండి. అందులో థర్మ్ అని పడుతుంటే కార్డు వేడికి తట్టుకోలేక తనంతట తనే వేగం తగ్గించుకుంటోందని. మీ ఎక్స్‌పోర్ట్ ఆలస్యం అక్కడిదే.

ఇక విప్పే పని. వారంటీ ఉందేమో బిల్లు చూసుకోండి. ఉంటే విప్పకుండా సర్వీస్ సెంటర్‌కి పంపండి. లేకపోతే ముందు పది నిమిషాలు ఏదైనా బరువైన పని ఇచ్చి కార్డుని వేడెక్కించండి. గట్టిపడ్డ పేస్ట్ మెత్తబడి హీట్‌సింక్ సులువుగా ఊడుతుంది. తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసేసి, పవర్ బటన్ నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుపభాగాన్ని ఒకసారి ముట్టుకుంటే ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. పవర్ కనెక్టర్ గొళ్లెం నొక్కి లాగాలి, వెనకపట్టీ స్క్రూలు తీయాలి, స్లాట్ చివర ఉన్న చిన్న మీట నొక్కాక కార్డుని తిన్నగా పైకి ఎత్తాలి. ఆ మీట మరిచిపోయి లాగితే మదర్‌బోర్డు స్లాట్ విరుగుతుంది.

కార్డుని బోర్లా, ఫ్యాన్లు కిందికి వచ్చేలా పెట్టండి. చిప్ వెనక నాలుగు మూలలా స్ప్రింగులున్న స్క్రూలు నాలుగు కనిపిస్తాయి. ఒక్కోదాన్ని పూర్తిగా తీసేయకుండా ఎదురెదురు మూలల్లో అర చుట్టు చొప్పున వదులు చేస్తూ రండి. ఒకవైపే వదులైతే రెండోవైపు బరువు పడి చిప్ అంచు పెచ్చు లేస్తుంది. ఆ నష్టానికి మందు లేదు. మిగతా స్క్రూలు తీశాక హీట్‌సింక్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి. ఊడింది కదా అని ఒక్కసారి లాగొద్దు. ఫ్యాన్ల తీగలు ఇంకా బోర్డుకి తగిలించే ఉంటాయి. రెండు వేళ్ల సందు తెరిచి, ప్లగ్‌ని పట్టుకుని తీయండి. తీగ పట్టుకుని లాగితే సాకెట్ బోర్డు మీంచి లేచి వచ్చేస్తుంది.

లోపల మెమరీ చిప్‌ల మీద, వోల్టేజ్ భాగాల మీద మెత్తటి థర్మల్ ప్యాడ్లుంటాయి. ముట్టుకునే ముందే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. చిరగకుండా ఉన్న ప్యాడ్‌ని కదపొద్దు. చిరిగితే నలగని ముక్కని వెర్నియర్‌తో కొలిచి అదే మందం తేవాలి. ప్యాడ్లు 0.5, 1, 1.5, 2 మిల్లీమీటర్ల మందాల్లో దొరుకుతాయి. ఒకే కార్డులో రెండు రకాల మందాలు ఉండొచ్చు. దుకాణాల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే: 1 ఉండాల్సిన చోట 1.5 వేస్తారు. అప్పుడు హీట్‌సింక్ ప్యాడ్ల మీద ఆనుకుని చిప్‌కి తగలదు. ఆన్ చేసిన కొద్దిసేపటికే 90 దాటితే కారణం ఇదే, కొత్త పేస్ట్ మంచిది కాదని మళ్లీ పేస్ట్ మారుస్తూ కూర్చోకండి.

పాత పేస్ట్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని బట్టతో తుడవండి. చిప్ అద్దంలా మెరవాలి. చుట్టూ ఉన్న బియ్యపుగింజ కంటే చిన్న భాగాలని గీకొద్దు. కొత్త పేస్ట్ శనగగింజంత చాలు, కానీ చిప్ మొత్తం కప్పేలా ప్లాస్టిక్ ముక్కతో పలచగా పరచాలి. ప్రాసెసర్‌కి పెట్టినట్టు మధ్యలో చుక్క వదిలేస్తే మూలలు పొడిగా మిగిలిపోయి హాట్‌స్పాట్ మళ్లీ ఎక్కుతుంది. ఆర్కిటిక్ ఎంఎక్స్-4 లాంటి పేస్ట్ 4 గ్రాముల ట్యూబు మీకు చాలాసార్లు వస్తుంది. లిక్విడ్ మెటల్ జోలికి మాత్రం వెళ్లకండి. అది కరెంటు పారే పదార్థం, పైగా అల్యూమినియాన్ని తినేస్తుంది.

మీ పనికి మా సలహా ఇంకొకటి ఉంది: పేస్ట్ బదులు హనీవెల్ పీటీఎం7950 అనే పలచటి పొర. సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య సర్దుకుంటుంది, పేస్ట్‌లా అంచులకి జారిపోదు. చిప్ కొలతకి కత్తిరించి, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పైనున్న ప్లాస్టిక్ చిరగకుండా ఊడుతుంది. అంటించిన మొదటిరోజు అంకెలు అంత బాగుండవు. నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారాకే అసలు ఫలితం కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో నకిలీలు చాలా ఉన్నాయి, మరీ చవగ్గా వస్తే కొనొద్దు.

బిగించేటప్పుడూ అదే ఎదురెదురు మూలల పద్ధతి. స్క్రూ ఆగిన చోట ఆపేయాలి. మళ్లీ అదే వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి చూడండి, తేడా 15 లోపుకి రావాలి. ఆ తర్వాత ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ని 100 నుంచి 80కి దించండి. ఆ సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది. మీ కార్డు 170 వాట్లది, అది 136కి దిగుతుంది. వేగం కొద్ది శాతమే తగ్గుతుంది, వేడి, రొద మాత్రం బాగా తగ్గుతాయి. రాత్రంతా ఎక్స్‌పోర్ట్‌లు పెట్టే స్టూడియోలన్నీ చేసుకోవాల్సిన పని ఇది. పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో డిజైన్ కంప్యూటర్ ఉంది. నెలకోసారి టైర్ల షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టిస్తున్నాం. రెండు వారాల్లో మళ్లీ వేడి. (టెక్కలి)

జవాబు: ముందు ఆ కంప్రెసర్ ఆపేయండి. దాని ట్యాంకులో అడుగున నీళ్లు, నూనె చేరతాయి. గాలితోపాటు అవి తుంపరగా కార్డు మీద పడి, రాతిపొడి వాటితో కలిసి హీట్‌సింక్ రేకుల మధ్య అట్టకడుతుంది. మీరు శుభ్రం చేస్తున్నామనుకున్న ప్రతిసారీ కొంత మూసేస్తున్నారన్నమాట.

రాతిపొడి ఇంటి దుమ్ములాంటిది కాదు. ఇంటి దుమ్ములో నూలుపోగులు, వెంట్రుకలు ఎక్కువ, ఊదితే తెరలా ఊడొస్తుంది. గ్రానైట్ పొడిలో గట్టి క్వార్ట్జ్ రేణువులుంటాయి, అవి ఫ్యాన్ బేరింగ్‌లో దూరి అరగదీస్తాయి. పాలిషింగ్ నీళ్ల తుంపర గాలిలో ఎగిరి వచ్చి ఆరితే హీట్‌సింక్ రేకుల మీద బూడిదరంగు పూతలా పట్టేస్తుంది. దాన్ని ఏ గాలీ ఊడదీయలేదు. కార్డు విప్పి, ఫ్యాన్లున్న పైకవచం తీసి, పొడి కుంచెతో రేకుల వెంబడి నిలువుగా దులపండి. తర్వాతే ఎలక్ట్రిక్ బ్లోయర్. ముందే తడి చేస్తే బురద అవుతుంది. మిగిలిన పూతని చివర్లో ఐసోప్రొపైల్‌లో ముంచిన కుంచెతో తీయాలి. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి. గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది, ఫ్యాన్ మోటారు డైనమోలా కరెంటు పుట్టించి బోర్డులోకి పంపొచ్చు కూడా.

అసలు మందు కంప్యూటర్‌ని యంత్రాల వైపు కిటికీ లేని గదిలోకి మార్చడం. అది కుదరకపోతే క్యాబినెట్ ముందు సన్నటి నైలాన్ మెష్ ఫిల్టర్ బిగించి, లోపలికి గాలి లాగే ఫ్యాన్లు బయటికి తోసేవాటికన్నా ఎక్కువ ఉండేలా చూడండి. అప్పుడు గాలి ఫిల్టర్ గుండానే వస్తుంది, సందుల్లోంచి దుమ్ము పీల్చుకోదు. మెష్‌ని వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. నెల్లిమర్ల నుంచి జనపనార నూగు గురించి రాసిన పాఠకులకీ ఇదే జవాబు, కాకపోతే వాళ్లకి పని తేలిక: నార మెష్ మీదే చాపలా పేరుకుంటుంది, చేత్తో లాగితే వచ్చేస్తుంది.

ప్రశ్న: జీటీఎక్స్ 1660 సూపర్. వేడి 65 దాటదు. కానీ ఆన్ చేయగానే గరగరమని శబ్దం, పది నిమిషాలకి తగ్గుతుంది. కొబ్బరినూనె చుక్క వేస్తే పోతుందని స్నేహితుడు అన్నాడు. వేయనా? (పొందూరు)

జవాబు: వద్దు. కొబ్బరినూనె చలికాలం గడ్డకడుతుంది, కొన్నాళ్లకి జిగురవుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కూడా వద్దు. అది లోపలున్న కాస్త గ్రీజునీ కడిగేసి ఆవిరైపోతుంది.

చల్లగా ఉన్నప్పుడు గరగర, వేడెక్కాక నెమ్మది అంటే స్లీవ్ బేరింగ్ ఎండిపోతోందని. ఏ ఫ్యాన్‌దో ముందు తేల్చండి. ఆఫ్టర్‌బర్నర్‌లో ఫ్యాన్ వేగాన్ని ఆటో నుంచి తీసి 30, 40, 50 అంటూ పెంచుతూ వినండి. శబ్దం వచ్చే వేగం దగ్గర ఆపి, గొట్టంలా చుట్టిన చిత్తుకాగితాన్ని ఒక్కో ఫ్యాన్ నడిబొడ్డు వైపు పెట్టి చెవికి ఆనించండి. తేలిపోతుంది. ఏదైనా తీగ రెక్కకి తగులుతోందేమో కూడా అప్పుడే చూడండి, గరగర అని వచ్చే ఫిర్యాదుల్లో అదీ ఒకటి.

ఫ్యాన్ మధ్య స్టిక్కర్ కింద రబ్బరు మూత ఉంటే అది తీసి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయొచ్చు. కొన్ని నెలలు గడుస్తుంది. మూత లేకుండా సీలు చేసినదైతే కొత్త ఫ్యానే. కొనేటప్పుడు కార్డు పేరు చెప్పి అడిగితే సరిపోదు, ఒకే పేరున్న కార్డులో రెండు రకాల ఫ్యాన్లు వస్తుంటాయి. ఫ్యాన్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరు, 12 వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని ఉంటుంది. దాంతోపాటు రెక్కల వ్యాసం, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, ప్లగ్‌లో పిన్నులు ఎన్ని, తీగ పొడవు రాసుకుని వెళ్లండి. జతగా కొనండి. రెండోదీ అదే వయసుది, అది కూడా త్వరలో గొంతు విప్పుతుంది.

కొత్తవి వచ్చేదాకా పని ఆగకూడదంటే పాత ఫ్యాన్లూ కవచమూ తీసేసి, 120 మిల్లీమీటర్ల మామూలు క్యాబినెట్ ఫ్యాన్లు రెండు ప్లాస్టిక్ టైలతో హీట్‌సింక్‌కి కట్టి మదర్‌బోర్డుకి తగిలించండి. చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ చల్లగా, నిశ్శబ్దంగా పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త: మదర్‌బోర్డు ఆ ఫ్యాన్లని ప్రాసెసర్ వేడిని బట్టి తిప్పుతుంది, కార్డు వేడి దానికి తెలీదు. కాబట్టి బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, వేగాన్ని నిమిషానికి 1,200 చుట్ల దగ్గర స్థిరంగా పెట్టేయండి. కట్టేసి వదిలేసి, ఆట మధ్యలో ఫ్యాన్లు నెమ్మదించి కార్డు మాడితే లాభం లేదు.

ప్రశ్న: గేమ్ మెనూలో ఉన్నప్పుడు కార్డులోంచి కీచుమని సన్నటి శబ్దం. గేమ్ మూస్తే వెంటనే పోతుంది. కార్డు పాడవుతోందా? (విజయనగరం)

జవాబు: లేదు. అది ఫ్యాన్ కాదు, కార్డు మీదున్న తీగచుట్టలు కరెంటు ఒరవడికి కంపించడం. ఫ్యాన్ రొద వేడిని అనుసరించి మెల్లగా లేచి మెల్లగా తగ్గుతుంది. ఇది తెర మారిన క్షణంలో మొదలై తెర మారిన క్షణంలో ఆగుతుంది. మెనూలో గీయాల్సిన బొమ్మ తక్కువ కాబట్టి కార్డు సెకనుకి వందల, ఒక్కోసారి వేల ఫ్రేములు గీసేస్తుంది, అప్పుడు కీచుదనం ఎక్కువ. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్‌ని మీ మానిటర్ రిఫ్రెష్ రేటుకి, 60 అయితే 60కి, కట్టేయండి. చాలావరకు పోతుంది. వేడీ తగ్గుతుంది.

ప్రశ్న: వేసవిలో గది 37 డిగ్రీలుంటుంది. ఎయిర్ కూలర్‌ని క్యాబినెట్ వైపు తిప్పి పెడుతున్నాం. కార్డు 6 డిగ్రీలు తగ్గింది. సముద్రానికి దగ్గర్లోనే ఇల్లు. (కళింగపట్నం)

జవాబు: తగ్గడం నిజమే. గది గాలి ఎన్ని డిగ్రీలు తగ్గితే కార్డు కూడా దాదాపు అన్నే తగ్గుతుంది. కానీ దయచేసి ఆ కూలర్‌ని పక్కకి తిప్పేయండి. అది పంపేది తడిగాలి. మీ ఊళ్లో గాలిలో ఉప్పు ముందే ఉంది. ఉప్పు, తడి, దుమ్ము మూడూ కలిసి బోర్డు మీద చేరితే కరెంటు పారకూడని చోట పారే పలచటి పొర తయారవుతుంది. ఒకసారి టార్చి వేసి చూడండి: అల్యూమినియం రేకుల మీద తెల్లటి పొడి, రాగి గొట్టాల మీద పచ్చటి మరకలు కనిపిస్తే తుప్పు మొదలైనట్టే. కార్డుని తీసి స్లాట్‌లో దిగే బంగారురంగు పళ్లని ఐసోప్రొపైల్‌తో తుడిచి పెట్టండి. చల్లదనానికి పవర్ లిమిట్ 75, 80కి దించడమే మీకు సరైన దారి. వానాకాలంలో కంప్యూటర్ వాడినా వాడకపోయినా రోజుకి అరగంట ఆన్ చేసి ఉంచండి, లోపలి చెమ్మ ఆరుతుంది. ప్లాస్టిక్ కవరు కప్పే అలవాటుంటే ఆపేసిన అరగంట తర్వాత కప్పండి.

ప్రశ్న: సాయంత్రాలు వోల్టేజ్ 180కి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ రొద పెరుగుతోంది. లో వోల్టేజ్‌కి గ్రాఫిక్స్ కార్డు వేడెక్కుతుందా? (చీపురుపల్లి)

జవాబు: వేడెక్కదు. కార్డుకి వెళ్లేది ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లో ఉండే పవర్ సప్లై పెట్టె) ఇచ్చే 12 వోల్టులే. గోడ ప్లగ్‌లో 230 ఉన్నా 180 ఉన్నా, మంచి ఎస్ఎంపీఎస్ ఆ 12ని కదలనివ్వదు. కానీ అంతే పని చేయడానికి అది గోడ నుంచి ఎక్కువ ఆంపియర్లు లాగాలి, అందుకని అదే వేడెక్కి దాని ఫ్యాన్ వేగం పెరుగుతుంది. మీరు వింటున్న రొద అక్కడిది కావచ్చు. ఆ సమయంలో జీపీయూ-జెడ్‌లో కార్డు ఫ్యాన్ చుట్లు చూడండి. అవి మారకుండా రొద పెరిగితే ఎస్ఎంపీఎస్‌దే. దాని వెనక జాలీలో దుమ్ము దులపండి, పెట్టె మాత్రం విప్పొద్దు: ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. కార్డుకి వెళ్లే 8 పిన్నుల కనెక్టర్ ముట్టుకుంటే కాలుతున్నా, ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగినా, కమురు వాసన వచ్చినా అది బాగుచేయించేదాకా కంప్యూటర్ ఆన్ చేయకండి.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ ఆర్ఎక్స్ 580 బేరం కుదిరింది. మైనింగ్‌లో వాడినదేమో అని భయం. ఏం చూసి కొనాలి? (బొబ్బిలి)

జవాబు: మైనింగ్ అంటే కార్డుని రాత్రీ పగలూ లెక్కలు చేయించి క్రిప్టోకరెన్సీ సంపాదించడం. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ ఆ మైనింగ్‌ని వదిలేశాక అలాంటి కార్డులు బజారులోకి వచ్చిపడ్డాయి. మైనింగ్‌లో వాడినంత మాత్రాన చిప్ చెడిపోయినట్టు కాదు. రాత్రీ పగలూ ఆగకుండా తిరిగిన ఫ్యాన్లే ముందు అరుగుతాయి. అమ్మేవారి దగ్గరే 15 నిమిషాలు గేమ్ ఆడించండి. తెర మీద చుక్కలు, గళ్లు రాకూడదు, ఫ్యాన్లు రెండూ తిరగాలి, ఉష్ణోగ్రత ఎంతో చూడాలి. ప్యాడ్ల చుట్టూ నూనె మరకలుంటే కంగారు పడకండి, అది ప్యాడ్లలోంచి కారే సిలికాన్ నూనె, హాని లేదు. ఈ కార్డుల్లో చాలావాటికి అంచున రెండు బయోస్‌ల మధ్య మార్చే చిన్న స్విచ్ ఉంటుంది. ఒకదాంట్లో మైనింగ్ బయోస్ మిగిలిపోయి ఉండొచ్చు. డ్రైవర్ ఎక్కకపోతే కంప్యూటర్ ఆపి స్విచ్ రెండోవైపుకి నొక్కి చూడండి. అమ్మేవారు ఆడించి చూపించడానికి ఒప్పుకోకపోతే బేరం వదిలేయండి.